పాత చైన్ సా: కార్బ్ స్క్రూలు ఎంత తిప్పినా ఐడిల్ నిలవడం లేదు

పాతఇనుము
చాలా ఏళ్లు మూలన పడి ఉన్న చైన్ సా ఒకటి నా చేతికొచ్చింది. 50 సీసీ పైనే ఉంటుంది. కార్బురేటర్ స్క్రూలు ఎక్కువ తిరగకుండా ఆపే ప్లాస్టిక్ టోపీలు లేని కాలం నాటిది. చౌక్ వేసి లాగితే స్టార్ట్ అవుతుంది. తర్వాతే గొడవంతా. కాసేపు దానంతట అదే రేజ్ అయిపోయి చైన్ తిరిగేస్తుంది, కాసేపటికి దిగిపోయి ఆగిపోతుంది. ట్రిగ్గర్ గబుక్కున నొక్కితే 'బో...' అని గొంతు పూడుకుపోయి చచ్చిపోతుంది. ఎల్ స్క్రూ తిప్పితే బాగుపడినట్టే ఉంటుంది, కాస్త వేడెక్కగానే మళ్లీ మొదటికొస్తుంది. ఎల్, హెచ్ రెండు స్క్రూలూ పూర్తిగా మూసి ఒక్కో చుట్టు వదలమని ఒకరు, ఒకటిన్నర అని ఇంకొకరు అంటున్నారు. ఏది కరెక్ట్? విసుగొచ్చేసింది.

రెంచి_రాజా
ఎయిర్ ఫిల్టర్ తీసి ఫోటో పెట్టు. స్క్రూల సంగతి తర్వాత.

బ్లేడ్_బాబు
ఎందుకింత తలనొప్పి? ఆ కార్బ్ పీకేసి కొత్త డూప్లికేట్ కార్బ్ ఒకటి వేసెయ్. అరగంట పని.

టూస్ట్రోక్_తాత
బాబూ, ఆగు. ఏ మిషన్ అయినా నీ మందు ఒకటేనా?

పాతఇనుమూ, ఒకటా ఒకటిన్నరా అన్నది పెద్ద విషయం కాదు. అది ఇంజన్ స్టార్ట్ అవడానికి సరిపోయే మొదటి లెక్క మాత్రమే. చాలా కార్బ్‌లకు ఒక చుట్టు దగ్గర పెడితే మోగుతుంది, అక్కడి నుంచి చెవితో సరిచేసుకోవాలి. మూసేటప్పుడు మాత్రం వేళ్లతో తిప్పినంత మెల్లగా మూయి. స్క్రూ చివర సూదిలా ఉంటుంది. గట్టిగా బిగిస్తే సూది మీద గాడి పడుతుంది, లోపలి సీటు కూడా పాడవుతుంది. ఇక జన్మలో సెట్టింగ్ కుదరదు.

కుడివైపు తిప్పితే లీన్, అంటే పెట్రోల్ తగ్గుతుంది. ఎడమవైపు తిప్పితే రిచ్. ఎల్ అన్నది ఐడిల్‌కి (ట్రిగ్గర్ వదిలినప్పుడు నడిచే తీరు), ట్రిగ్గర్ నొక్కగానే వచ్చే పికప్‌కి. హెచ్ అన్నది ఫుల్ త్రాటిల్‌కి. మూడో స్క్రూ పెట్రోల్‌ని ముట్టుకోదు, లోపలి బటర్‌ఫ్లై (గాలి దారిలోని రేకు మూత) ఎంత తెరుచుకుని ఉండాలో అదే చూసుకుంటుంది. చాలామంది చైన్ తిరుగుతోందని ఎల్ తిప్పుతారు, ఇంజన్ ఆగిపోతోందని మూడో స్క్రూ బిగిస్తారు. రెండూ కలిపి కెలికితే ఏది దేనివల్ల అవుతోందో వాళ్లకే తెలీదు.

వరస ఇది. ఇంజన్ రెండు మూడు నిమిషాలు వేడెక్కాక మొదట ఎల్. మెల్లగా లోపలికి, బయటికి తిప్పుతూ ఐడిల్ ఎక్కడ అన్నిటికంటే ఎక్కువ వస్తుందో పట్టుకో. అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు, మహా అయితే పావు, ఎడమకి వదులు. ట్రిగ్గర్ నొక్కితే 'బో' అనకుండా వెంటనే అందుకోవాలి. తర్వాత మూడో స్క్రూ, చైన్ కదలనంతవరకు తగ్గించు. ఆఖర్న హెచ్. ఎల్ నుంచి వచ్చే పెట్రోల్ ఫుల్ త్రాటిల్‌లో కూడా కొంత కలుస్తుంది కాబట్టే ఎల్ ముందు, హెచ్ తర్వాత.

స్పానర్_99
తాత చెప్పిన వరస సరే. కానీ హెచ్ దగ్గరికొచ్చేసరికి చెవితో అంటే నేను ఒప్పుకోను. మాన్యువల్‌లో గరిష్ఠ ఆర్‌పీఎం రాసి ఉంటుంది, టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటర్) పెట్టి అంతకు మించకుండా చూసుకోవాలి. ఈ కాలం మిషన్లు 13,000, 14,000 దాకా వెళ్తాయి, పాతవాటికి అంతకంటే చాలా తక్కువ ఉండొచ్చు. కొత్తదాని శబ్దానికి అలవాటుపడిన చెవితో పాతదాన్ని సెట్ చేస్తే పిస్టన్ పట్టేస్తుంది.

టూస్ట్రోక్_తాత
టాకోమీటర్ వద్దనలేదు. చేతిలో ఉంటే వాడుకో. లేనివాడు ఏం చేయాలన్నదే ప్రశ్న. లోడ్ లేకుండా ఫుల్ త్రాటిల్ నొక్కినప్పుడు శబ్దం శుభ్రంగా కీచుమనకూడదు. మధ్యమధ్యలో తడబడుతున్నట్టు 'బరబర' ఉండాలి. ఫోర్ స్ట్రోకింగ్ అంటారు దాన్ని. అదే మిషన్ కట్టెలో దించగానే ఆ బరబర పోయి నున్నగా లాగాలి. కట్టెలోంచి ఎత్తితే మళ్లీ బరబర. అదే హెచ్ సరైన చోట ఉందనడానికి గుర్తు.

నూనెచేతులు
కొత్త మిషన్లున్న వాళ్లకు ఒక హెచ్చరిక. కాయిల్‌లో రెవ్ లిమిటర్ (వేగం హద్దు దాటకుండా ఆపేది) ఉంటే అది స్పార్క్ కట్ చేసినప్పుడు కూడా అచ్చం అలాంటి బరబరే వస్తుంది. అది విని 'ఆహా రిచ్‌గానే ఉంది' అనుకుని హెచ్ ఇంకా మూస్తూ పోతారు. పాతఇనుము గారిది పాత మోడల్ కాబట్టి ఆ భయం లేదు అనుకుంటా.

రెంచి_రాజా
టాకోమీటర్ వాడేవాళ్లు సింగిల్ సిలిండర్ టూ స్ట్రోక్ అని సెట్ చేసుకోండి, చుట్టుకి ఒక స్పార్క్. మా తమ్ముడు ఆ సెట్టింగ్ చూడకుండా 26,000 చదివి, తన దగ్గరున్నది రంపం కాదు విమానం అని అందరికీ చెప్పుకున్నాడు.

స్పానర్_99
😂 ఆ విమానం ఇంకా ఎగురుతోందా?

పాతఇనుము
ఫిల్టర్ నల్లగా ఉంటే కడిగి ఆరబెట్టాను. ఫోటో ఎక్కడం లేదు, నమ్మండి. స్పార్క్ ప్లగ్ తీసి చూస్తే కొన తెల్లగా, బూడిద పూసినట్టు ఉంది. ఇంకోటి, ట్రిగ్గర్ వదిలాక ఇంజన్ వెంటనే కిందికి దిగదు. నాలుగైదు సెకన్లు అలాగే రేజ్‌లో వేలాడి, అప్పుడు మెల్లగా దిగుతుంది. పెట్రోల్ మాత్రం డబ్బాలో పాతది ఉంటే అదే పోశాను.

టూస్ట్రోక్_తాత
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఇక స్క్రూడ్రైవర్ పక్కన పెట్టెయ్.

ప్లగ్ తెలుపు, వదిలాక దిగకుండా వేలాడటం, వేడెక్కితే సెట్టింగ్ మారిపోవడం. ఈ మూడూ కలిస్తే ఎక్కడో దొంగగాలి లాగుతోందని అనుమానించాలి. కార్బ్‌ నుంచి కాకుండా పక్కదారిన గాలి వస్తుంటే నువ్వు ఎల్ ఎంత వదిలినా అది ఆ ఒక్క ఉష్ణోగ్రతకే సరిపోతుంది. రబ్బరు వేడెక్కి చీలిక ఇంకాస్త తెరుచుకుంటే నీ లెక్క తప్పుతుంది. నిలవని సెట్టింగ్‌కి కారణం స్క్రూలో వెతకకూడదు.

చూడాల్సినవి: కార్బ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్, దాని క్లాంపు, క్రాంక్ కేస్ (ఇంజన్ కింది గది) ఒత్తిడిని మోస్తూ కార్బ్‌కి వెళ్లే ఇంపల్స్ గొట్టం, క్రాంక్‌కి రెండువైపులా ఉండే ఆయిల్ సీళ్లు. ఐడిల్‌లో ఉండగా మిషన్‌ని ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి వాల్చు. రేజ్ గట్టిగా మారితే అనుమానం ఇంకా బలపడుతుంది.

అది తేలేదాకా ఫుల్ త్రాటిల్ నొక్కకు. మరీ మరీ చెబుతున్నా. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తోనే లోపలికి వెళ్తుంది. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే, చల్లబరిచేదీ తగ్గినట్టే. పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని గీసేస్తుంది, అది కూడా ముందు సైలెన్సర్ వైపు.

చైన్_చిన్నా
లీన్ అయితే ఆయిల్ ఎక్కువ కలిపితే పోలా? నేను 25:1 పోస్తా, ఏ టెన్షనూ లేదు.

నూనెచేతులు
అక్కడే పప్పులో కాలేశారు. జెట్ (కార్బ్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) లోంచి వెళ్లే మొత్తం ద్రవం అంతే. అందులో ఆయిల్ పెరిగితే పెట్రోల్ తగ్గుతుంది. అంటే గాలితో పోల్చితే మిశ్రమం ఇంకా లీన్ అవుతుంది. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మీరు ఎప్పుడూ 25:1 తోనే సెట్ చేసి, అదే పోస్తుంటే పర్వాలేదు. 50:1 తో సెట్ చేసిన మిషన్‌లో మంచిదని ఒకరోజు 25:1 పోస్తే మాత్రం మళ్లీ ట్యూన్ చేసుకోవాల్సిందే.

చైన్_చిన్నా
ఎక్కువ ఆయిల్ వల్ల ఏ ఇంజనూ చావలేదు.

నూనెచేతులు
చావదు. ప్లగ్ నల్లబడుతుంది, సైలెన్సర్ జాలీలో మసి పేరుకుంటుంది, పవర్ పోతుంది. అప్పుడు మీరు వచ్చి 'కార్బ్ ఎలా ట్యూన్ చేయాలి' అని థ్రెడ్ పెడతారు.

చైన్_చిన్నా
పెట్టను లెండి.

బ్లేడ్_బాబు
ఇంతమంది ఇన్ని రాశారు, చైన్ పదును ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదు. మొద్దుబారిన చైన్‌తో కోస్తూ మిషన్ లాగడం లేదని కార్బ్ విప్పేవాళ్లను చాలామందిని చూశా. రాలేది పిండిలా ఉంటే ఆకురాయి పట్టండి, పెచ్చులుగా రాలితే అప్పుడు కార్బ్ గురించి ఆలోచించండి.

రెంచి_రాజా
బాబు నోట మొదటిసారి కార్బ్ మార్చమనే మాట లేకుండా పోస్ట్ వచ్చింది. తేదీ రాసిపెట్టుకోండి.

కట్టెల_కరీం
నాదొక సందేహం, ఇక్కడే అడిగేస్తా. నా మిషన్ పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా నడిచి, ఊపిరాడనట్టు ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. హెచ్ కాస్త వదిలితే సరిపోతుందా?

నూనెచేతులు
ఆగిపోయిన వెంటనే పెట్రోల్ ట్యాంక్ మూత మెల్లగా తిప్పండి. గాలి లోపలికి సుయ్యిమని లాగి, ఆ తర్వాత చక్కగా స్టార్ట్ అయితే ట్యాంక్ వెంట్ మూసుకుపోయింది. పెట్రోల్ పోయిన కొద్దీ ట్యాంక్‌లో వ్యాక్యూమ్ పెరిగి కార్బ్ లాగలేకపోతుంది. స్క్రూలు ముట్టుకోకండి. మిషన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తుంటే ఒక్కోసారి ప్రెషర్‌తో పెట్రోల్ బయటికి చిమ్ముతుంది. ముఖం దూరంగా పెట్టి తిప్పండి.

పాతఇనుము
వాల్చి చూశాను. ఒక పక్కకి మారలేదు, ఇంకో పక్కకి వాల్చితే రేజ్ పెరిగింది. కార్బ్ క్లీనర్ స్ప్రే చుట్టూ కొట్టి చూడమని ఇంకోచోట చదివాను. చేయనా?

స్పానర్_99
నడుస్తున్న ఇంజన్ మీద, ఎర్రగా కాలుతున్న సైలెన్సర్ పక్కన మండే స్ప్రే. ఆలోచించుకో.

టూస్ట్రోక్_తాత
వద్దు. సరైన పద్ధతి ప్రెషర్ పరీక్ష. సైలెన్సర్ తీసి ఆ రంధ్రం రబ్బరు షీట్‌తో మూసెయ్. కార్బ్ వైపు కూడా మూసెయ్, బూట్ మాత్రం ఉంచి దాని నోరు మూయి, అప్పుడే బూట్ కూడా పరీక్షకు వస్తుంది. ఇంపల్స్ రంధ్రం లోంచి చేతి పంపుతో అర బార్ దాకా గాలి ఎక్కించు. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు ఎక్కడొస్తే అక్కడ. పంపు మీటర్ ముల్లు పడిపోకుండా నిలబడితే వ్యాక్యూమ్‌తో కూడా ఒకసారి చూడు. ప్రెషర్‌కి బాగానే పట్టి వ్యాక్యూమ్‌కి వదిలేసే సీళ్లుంటాయి, లోపలి పెదవి అరిగితే అలాగే చేస్తుంది.

పంపు లేదా? బూట్ చేత్తో విప్పి, వేళ్లతో వంచి వెలుతురులో చూడు. మామూలుగా పెట్టి చూస్తే చీలిక కనిపించదు.

గ్యాస్కెట్_గిరి
కార్బ్ ఎలాగూ బయటికొస్తుంది కాబట్టి రిపేర్ కిట్ (కొత్త డయాఫ్రంలు, గ్యాస్కెట్లు) కూడా వేసెయ్. అన్నేళ్లు మూలన పడున్న మిషన్‌లో డయాఫ్రం (కార్బ్ లోపలి పల్చటి పొర) మెత్తగా ఉండదు. వేలితో నొక్కితే రేకులా చప్పుడు చేస్తే దాని పని అయిపోయినట్టే. ఈ కార్బ్‌కి బైక్ కార్బ్‌లోలా ఫ్లోట్ ఉండదు. తలకిందులుగా పట్టుకున్నా నడవాలి కదా, అందుకే పెట్రోల్‌ని లోపలికి వదిలే సూదిని ఆ డయాఫ్రమే తెరిచి మూస్తుంది. అది బిగుసుకుపోతే సూది సరిగా తెరుచుకోదు, స్క్రూతో ఏం చేసినా ఉపయోగం లేదు.

వేసేటప్పుడు వరస మార్చకండి. మీటరింగ్ వైపు (పెట్రోల్ కొలిచి వదిలే వైపు) మామూలుగా బాడీ మీద ముందు గ్యాస్కెట్, దాని మీద డయాఫ్రం. పంపు వైపు (ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగే వైపు) దీనికి తిరగేసి, బాడీ మీద ముందు డయాఫ్రం, పైన గ్యాస్కెట్. విప్పుతూ ప్రతి పొరకీ ఫోటో తీసుకుంటే ఈ వాక్యాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పంపు వైపు మూత కింద చిన్న జాలీ ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. పాత పెట్రోల్ జిగురు మొత్తం అక్కడే ఉంటుంది.

లోపలి మీటరింగ్ లీవర్ (ఆ సూదిని ఎత్తే మీట) వంచకండి. ఎత్తుగా ఉంటే పెట్రోల్ ఎక్కువై ఫ్లడ్ అవుతుంది, కిందికి ఉంటే పెట్రోల్ అందదు. వాల్‌బ్రో, జామా కంపెనీల కార్బ్‌లకు ఆ ఎత్తు ఒకటే ఉండదు. మీ కార్బ్ మీద పేరు, నంబర్ చూసి దానికి చెప్పిన కొలతే పెట్టాలి.

బ్లేడ్_బాబు
ఈ తతంగం అంతా చదివాక కూడా కార్బ్ మార్చమంటే నన్నే తిడతారు.

గ్యాస్కెట్_గిరి
తిట్టం. బాడీ తుప్పు పట్టినా, సీటు పాడైనా మార్చాల్సిందే. కానీ బూట్ చిరిగిన మిషన్‌కి కొత్త కార్బ్ వేస్తే కొత్త కార్బ్ కూడా ఇలాగే వేషాలేస్తుంది. అప్పుడు డూప్లికేట్ కాబట్టి ఇలా ఉందంటావు.

బ్లేడ్_బాబు
అంటాను. నిజమే.

చైన్_చిన్నా
పాత పెట్రోల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? ముందు అది పారబోయమనండి.

రెంచి_రాజా
చిన్నా చెప్పింది కరెక్ట్. నెల దాటిన మిక్స్ పోసి ట్యూన్ చేయకు. ఇథనాల్ ఉన్న పెట్రోల్ అయితే నీటిని కూడా పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. ట్యాంక్ లోపలి ఫిల్టర్, గొట్టం కూడా ఓసారి లాగి చూడు. గొట్టం చేతిలోనే విరిగిపోతే ఆశ్చర్యపోకు.

పాతఇనుము
దొరికింది! బూట్ కింది వైపు, సరిగ్గా క్లాంపు కూర్చునే గాడిలో చీలిక. బిగించి ఉంటే అస్సలు కనిపించదు, తాత చెప్పినట్టు వంచితే నోరు తెరిచింది. సీళ్లు పరీక్షకు నిలబడ్డాయి, పంపు అరువు తెచ్చాను. బూట్, కిట్, పెట్రోల్ గొట్టం, ఫిల్టర్ అన్నీ కొత్తవి. పాత డయాఫ్రం గిరి గారు చెప్పినట్టు రేకే.

రెండు స్క్రూలూ ఒక చుట్టు దగ్గర పెట్టి, తాజా 50:1 మిక్స్ పోశాను. ఎల్ చక్కగా కుదిరింది. ట్రిగ్గర్ వదలగానే దబ్బున దిగుతోంది, చైన్ కదలడం లేదు. ఇప్పుడు హెచ్ దగ్గర ఆగాను. గాల్లో బాగా బరబర. కట్టెలో దించితే బరబర తగ్గుతుంది కానీ పూర్తిగా పోవడం లేదు, పొగ కూడా కనిపిస్తోంది.

టూస్ట్రోక్_తాత
భేష్. రిచ్ వైపు ఉంది, అంటే భయం లేదు. ఒక్కసారి ఎనిమిదో వంతు కంటే ఎక్కువ మూయకుండా కుడికి తిప్పు, దుంగలో ఒక కోత కోసి విను. కోతలో నున్నగా వచ్చి, ఎత్తగానే మళ్లీ బరబర వినిపించే చోట ఆపెయ్. అక్కడి నుంచి ఇంకాస్త పవర్ వస్తుందేమోనని ఆశపడకు. ఎత్తినప్పుడు కూడా కీచుమంటే దాటిపోయావు, వెంటనే ఎడమకి.

గాల్లో ఫుల్ త్రాటిల్ రెండు మూడు సెకన్లు చాలు. చైన్ బ్రేక్ వేసి ఉంచి ఫుల్ త్రాటిల్ నొక్కకు, క్లచ్ మాడిపోతుంది.

స్పానర్_99
నేను ఇప్పటికీ టాకోమీటర్ అనే అంటా. తాత పద్ధతిలో పెట్టాక ఎవరిదైనా అడిగి ఒక్కసారి చదివి చూడు. మాన్యువల్ అంకె కంటే కొన్ని వందలు తక్కువే వస్తే ఇద్దరం కరెక్ట్.

టూస్ట్రోక్_తాత
దీనికి మాత్రం ఒప్పుకుంటా.

పాతఇనుము
రెండు సార్లు ఎనిమిదో వంతు మూస్తే కుదిరింది. కోతలో నున్నగా లాగుతోంది, ఎత్తితే బరబర. టాకో దొరికితే అంకె పెడతాను. ఇంకొక్క మాట, ఈ సెట్టింగ్ ఇక ఇలాగే ఉంటుందా, చలికాలం వస్తే మార్చాలా?

నూనెచేతులు
చలిలో గాలి చిక్కబడుతుంది, అదే సెట్టింగ్ లీన్ వైపు జరుగుతుంది. హెచ్ కాస్త వదలాలి. బాగా ఎత్తైన కొండ మీద గాలి పలచన, అక్కడ రిచ్ అవుతుంది, కాస్త మూయాలి. అక్కడ మూసినవాళ్లు దిగాక తప్పకుండా మళ్లీ వదలండి. పిస్టన్లు పోయేది ఎక్కువగా అక్కడే. ఇప్పుడున్న స్థానం ఎన్ని చుట్లో మెల్లగా మూసి లెక్కపెట్టి, మిషన్ మూత లోపల రాసిపెట్టుకో.

గ్యాస్కెట్_గిరి
ఒక ట్యాంక్ కాల్చాక ప్లగ్ కూడా చూడు. లేత గోధుమ రంగు కావాలి. కోత మధ్యలో స్విచ్ ఆపి తీస్తేనే అసలు రంగు తెలుస్తుంది. ఐడిల్‌లో కాసేపు ఉంచి తీస్తే నల్లగానే కనిపిస్తుంది.

కట్టెల_కరీం
నూనెచేతులు గారూ, మూత తిప్పగానే సుయ్యిమంది! వెంట్ మార్చాను, ట్యాంక్ అయ్యేదాకా ఆగలేదు. కానీ ఇప్పుడు చైన్‌కి ఆయిల్ రావడం లేదు. అది కార్బ్ వల్ల కాదు కదా?

రెంచి_రాజా
కాదు. వేరే థ్రెడ్ తెరువు, అక్కడికే వస్తాం. చైన్ తిరిగే బార్ తీసి ఆయిల్ రంధ్రంలో పొట్టు ఉందేమో చూసి మరీ తెరువు.